బూస్ట్ పెంచే ముందు పెట్రోలు పంపు దగ్గర వోల్టేజీ చూడు

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న క్లుప్తంగా చెప్పేస్తాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. నీది అమలాపురం, బండి ఫియట్ లీనియా టీ-జెట్, 1368 సీసీ. పెద్ద టర్బో వేయించావు. నిమిషానికి 380 సీసీ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, బంపర్ వెనక టర్బో గాలిని చల్లబరిచే పెద్ద ఇంటర్‌కూలర్, టర్బో నుంచి పొగ బయటికి తీసుకెళ్లే వెడల్పాటి డౌన్‌పైపు, విడి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ట్యాంకులో గంటకి 255 లీటర్లు తోడే పంపు కూడా పెట్టించావు. 0.8 బార్ బూస్ట్‌తో, అంటే టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడితో, బండి బ్రహ్మాండంగా పోయింది. 1.3 చేశాక 5000 ఆర్‌పీఎం దాటితే వైడ్‌బ్యాండ్ మీటరు (ఒక భాగం పెట్రోలుకి ఎన్ని భాగాల గాలో చూపించేది, అంకె పెరిగితే పెట్రోలు తగ్గినట్టు) 11.6 నుంచి 12.9కి ఎక్కుతోంది, 5800 దగ్గర ఎవరో వెనక్కి గుంజినట్టు జర్కులు. మీ మెకానిక్ "పైన 10 శాతం పెట్రోలు కలిపి, వేస్ట్‌గేట్ ఇంకాస్త బిగిద్దాం" అన్నాడు. వేస్ట్‌గేట్ అంటే టర్బో బూస్ట్‌కి హద్దు పెట్టే తలుపు. అలా చేయాలా, లేక ఇంజెక్టర్లు మార్చాలా అని అడిగావు.

రెండూ వద్దు. ఈ పూటకి బూస్ట్ తిరిగి 0.8కి దించేసి, మిగతాది చదువు.

నువ్వు పంపిన లాగ్‌లోనే, అంటే పరుగులో రికార్డు చేసిన అంకెల్లోనే, జవాబు ఉంది. ఫ్యూయల్ ప్రెషర్ సెన్సర్ పెట్టించుకోవడం నువ్వు చేసిన అన్నిటికన్నా మంచి పని. నీ ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) నుంచి సన్న గొట్టం ఉంది కదా, అది ఉన్నందుకు బూస్ట్ ఎంత పెరిగితే రెయిల్‌లో (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) ప్రెషర్ కూడా అంతే పెరగాలి. గొట్టం తీసి ఐడిల్‌లో చూస్తే నీది 3 బార్. అంటే 1.3 బూస్ట్ దగ్గర 4.3 ఉండాలి. నీ లాగ్‌లో 5800 దగ్గర 3.7 ఉంది. ఇంజెక్టర్ ముక్కు అవతల 1.3 బార్ గాలి ఎదురు నెడుతోంది కాబట్టి, పెట్రోలుని నిజంగా తోసేది 3 బార్ కాదు, 2.4 మాత్రమే. ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు ఈ ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 2.4ని 3తో భాగిస్తే 0.8, దాని వర్గమూలం 0.894. అంటే ఇంచుమించు 10.5 శాతం పెట్రోలు తక్కువ పడుతోంది. ఇప్పుడు 11.6ని 0.894తో భాగించి చూడు. 12.97 వస్తుంది. నీ మీటరు చూపిస్తున్నది 12.9.

లెక్క ఇంత దగ్గరగా కుదిరాక ఇంకో దొంగ కోసం వెతకక్కర్లేదు. నీ మ్యాప్‌లో (ఎంత పెట్రోలు, ఎప్పుడు స్పార్క్ అని ఈసీయూలో రాసిన పట్టిక) పెట్రోలు లెక్క తప్పులేదు, ఇంజెక్టర్లలో తప్పులేదు. పంపు నుంచి రావలసిన ప్రెషర్ రావడం లేదు, అంతే.

ఎందుకు రావడం లేదన్నదానికి కూడా ఒక అంకె రాశావు, దాన్ని నువ్వే పట్టించుకోలేదు. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు కనెక్టర్ దగ్గర 11.4. మధ్యలో 2.4 వోల్టులు ఎక్కడో కరిగిపోతున్నాయి. పంపు పెట్టె మీద రాసిన 255 లీటర్లు 13.5 వోల్టుల దగ్గర, మామూలు ప్రెషర్ దగ్గర చెప్పే లెక్క. వోల్టేజీ తగ్గి, ఎదురు ప్రెషర్ పెరిగితే అదే పంపు అంతకన్నా చాలా తక్కువ ఇస్తుంది. కంపెనీ వేసిన సన్న వైరు కంపెనీ పంపుకి సరిపోయేలా వేసింది. దానికి తోడు మన కోనసీమ గాలి. సముద్రపు ఉప్పు తేమ, దానికి మించి రొయ్యల లారీల నుంచి రోడ్డు మీద కారే ఐసు నీళ్లు. ఆ నీళ్ల మీద రోజూ తిరిగే బండి వెనక సీటు కింద కార్పెట్ ఎత్తి, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు చూడు. పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. నేను చూసిన పెట్రోలు పంపు గొడవల్లో చాలావాటికి ఆ పచ్చ బోల్టే కారణం.

చేయాల్సింది ఇది. బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నేరుగా వెనక్కి లాగు. బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు, దూరంగా పెట్టకు. మధ్యలో ఎక్కడైనా వైరు ఒరుసుకుంటే ఫ్యూజే నీ బండిని కాపాడాలి. వెనక ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెట్టి, ఇప్పుడు పంపుకి వెళ్తున్న పాత వైరుతో ఆ రిలేని ఆన్ చేయించు. ఈసీయూ పంపుని ఆపాలనుకున్నప్పుడు ఆగిపోవాలి, ప్రమాదం జరిగితే అదే ముఖ్యం. ఎర్త్ వైరు కూడా కొత్తది, బాడీ మీద పెయింటు గీకి, తళతళలాడే రేకు మీద బిగించి, పైన గ్రీజు రాయి. తర్వాత పంపు తిరుగుతుండగా కనెక్టర్ దగ్గరే మీటరు పెట్టి కొలువు. 13.3 తగ్గకూడదు. ఫిల్టర్ ఎప్పుడు మార్చావో గుర్తులేకపోతే అదీ మార్చేయ్.

ఇక మీ మెకానిక్ చెప్పిన 10 శాతం సంగతి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ నాలుగు స్ట్రోకుల పూర్తి చక్రానికి, అంటే రెండు చుట్లు తిరగడానికి, 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంజెక్టర్‌కి ఉన్న టైమంతా అదే. నీ లాగ్‌లో డ్యూటీ 87 శాతం, అంటే 20లో 17 పైన అది తెరుచుకునే ఉంటోంది. దానికి 10 శాతం కలిపితే 19 దాటుతుంది. మూసుకుని మళ్లీ తెరుచుకోవడానికి ఇంజెక్టర్‌కి సుమారు 1 మిల్లీసెకను కావాలి, అదీ ఉండదు. అప్పుడది ట్యాపు విప్పినట్టు కారుతూనే ఉంటుంది, ఈసీయూ చేతిలో అదుపు ఉండదు. పైగా పంపు ఇప్పటికే చాలనంటోంది, ఇంకా అడిగితే ప్రెషర్ ఇంకా పడుతుంది. అసలు రోగం దాక్కుని, ఒక ఎండ మధ్యాహ్నం మిక్చర్ 13.5కి వెళ్లిన రోజున బయటపడుతుంది. అప్పటికి పిస్టన్ పోయి ఉంటుంది.

మీ మెకానిక్‌ని నేను తప్పు పట్టను. మన డెల్టాలో చేయి తిరిగిన మెకానిక్కుల్లో చాలామంది డీజిల్ మీద నేర్చుకున్నవాళ్లు. ట్రాక్టర్లు, లారీలు, కాలవ గట్టు మీద నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్లు. డీజిల్‌లో పంపు బిగించి ఇంధనం పెంచితే పొగ, పొగ వస్తే వేడి. ఇంధనం తగ్గిస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది. టర్బో బూస్ట్ పెంచితే ఆ పొగ మాయమై ఇంజిన్ ఇంకా హాయిగా తిరుగుతుంది. అందుకే "గాలి ఎంత ఎక్కువైతే అంత మంచిది" అన్నమాట వాళ్ల చేతుల్లో ఉండిపోయింది. పెట్రోలు టర్బోకి అది సరిగ్గా తలకిందులు. ఫుల్ లోడ్‌లో పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుంది, స్పార్క్ వెలిగించాల్సిన మిశ్రమం మూలల్లో తనంతట తానే పేలుతుంది, దీన్నే నాక్ అంటారు. మీ ఇంట్లో రొయ్యల చెరువు ఉందన్నావు కదా, ఏరేటర్లు ఎన్ని తిరుగుతున్నాయో చూసుకునే మేత వేస్తారు. ఇక్కడా గాలిని బట్టే మేత. కాకపోతే చెరువులో మేత ఎక్కువై గాలి తక్కువైతే నష్టం, మన ఇంజిన్లో గాలి ఎక్కువై మేత తక్కువైతే నష్టం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేను ఒక ఇంజిన్ పోగొట్టుకున్నాను. పాలకొల్లులో నాదీ ఇలాంటి 1.4 లీటర్ల టర్బోనే. మ్యాప్‌ని ఒక వర్క్‌షాపులో జనవరి తెల్లవారుజామున, మంచు ఉండగా చేయించాను. లోపలికి వెళ్లే గాలి అప్పుడు 32 డిగ్రీలు. అందరూ బాగుందన్నారు, నిజంగానే బాగుంది. అదే సంవత్సరం మే నెలలో నలుగురం ఎక్కి, ఏసీ వేసుకుని, మధ్యాహ్నం రెండింటికి రాజమండ్రి నుంచి వస్తున్నాం. రావులపాలెం దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేశాను. ఆ పది సెకన్లలో చిన్న గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు సన్నగా ఒక చప్పుడు. అద్దం దించి ఉంటే కచ్చితంగా గుర్తుపట్టేవాడిని. ఏసీ, పాటలు, కబుర్లలో పట్టించుకోలేదు. ఇంటికి చేరేసరికి సైలెన్సర్ నుంచి నీలం పొగ.

కంప్రెషన్ చూస్తే నాలుగింటిలో మూడు సిలిండర్లలో పదకొండు, పదకొండున్నర బార్. మూడో సిలిండర్‌లో నాలుగు. విప్పితే పిస్టన్ మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య గట్టు చింతగింజంత ముక్క ఊడిపోయి ఉంది. ఆ సిలిండర్ ప్లగ్గు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య వెలుతురులో మెరిసే సన్న రవ్వలు. ఆ మెరుపు పిస్టన్ అల్యూమినియం. మ్యాప్‌లో గాలి వేడెక్కితే స్పార్క్ టైమింగ్ వెనక్కి తీసే (స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేసే) టేబుల్ మొత్తం సున్నాలే. రాసినవాళ్లు దాన్ని నింపలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత ఏ బండి మ్యాప్ తెరిచినా నేను మొదట చూసేది ఆ టేబుల్‌నే.

నీ లాగ్‌లో మొదటి పరుగులో గాలి 47 డిగ్రీలు, నాలుగో పరుగుకి 68. అంత పెద్ద ఇంటర్‌కూలర్ ఉండి 68 రావడం ఎక్కువే. బంపర్ విప్పి దాని రెక్కల మధ్య చూడు. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో పచ్చదోమ లైట్లకి ఎంతలా మూగుతుందో నీకు తెలుసు, అదంతా వెళ్లి ఇంటర్‌కూలర్ మీదే అతుక్కుంటుంది. కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తే ఎగిరే నూగు, తాలు దాని మీద పేరుకుంటాయి. వాన పడి ఎండితే గోడకి పేడ అలికినట్టే. మామూలు గొట్టంతో ఇంజిన్ వైపు నుంచి ముందుకి నీళ్లు పట్టు. ప్రెషర్ వాషర్ వద్దు, రెక్కలు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టర్‌ని కూడా ఏటా రెండు కోతల తర్వాతా తీసి చూడాలి. మూసుకుపోయిన ఫిల్టర్‌తో అదే బూస్ట్ ఇవ్వడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, గాలిని ఇంకా వేడి చేస్తుంది.

టైమింగ్ గురించి. నీ మ్యాప్‌లో 4000 దగ్గర, అంటే టార్క్ గరిష్ఠంగా ఉన్నచోట, 16 డిగ్రీలు ఉంది. 0.8 బూస్ట్‌కి రాసిన అంకె అది. 1.3కి అలాగే వదిలేశారు. 8 నుంచి మొదలుపెట్టు. నాక్ సెన్సర్ నోరు మెదపకపోతే ఒక్కో డిగ్రీ పెంచు, టార్క్ పెరగడం ఆగిన చోట నువ్వూ ఆగు. మన పెట్రోలుతో చాలాసార్లు టార్క్ ఆగడం కంటే ముందు నాక్ వస్తుంది, అప్పుడు అక్కడి నుంచి 2 డిగ్రీలు వెనక్కి. గాలి వేడి టేబుల్‌లో నేను 45 దాటాక ప్రతి 5 డిగ్రీలకి 1 డిగ్రీ టైమింగ్ తీసేస్తాను. 65 దాటితే బూస్ట్ టార్గెట్ కూడా దానంతట అదే తగ్గేలా పెడతాను. నడిపేవాడికి కొంచెం మందంగా అనిపిస్తుంది, అనిపించనీ.

పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి మన బంకుల్లో దాదాపు అంతటా ఈ20 వచ్చేసింది. అందులో 20 శాతం ఇథనాల్. పాత పెట్రోలుకి 14.7 భాగాల గాలి సరిపోతే దీనికి పదమూడున్నర చాలు. అంటే అదే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ పెట్రోలు పోయాలి. నీ ఇంజెక్టర్ల మీద, పంపు మీద ఆ 9 శాతం అదనపు బరువు అప్పుడే పడింది. అయితే మీటరు చూపించే అంకె ల్యాంబ్డాని (ఏ పెట్రోలుకైనా సరిగ్గా సరిపోయే గాలిని 1గా తీసుకునే కొలత) 14.7తో గుణించి చూపించేదే, సెన్సర్‌కి ఏ పెట్రోలో తెలియదు. కాబట్టి మీటరుని ల్యాంబ్డాకి మార్చేసుకో, గందరగోళం ఉండదు. ఫుల్ బూస్ట్‌లో 0.78 నుంచి 0.80. ఇప్పుడు నీకు వస్తున్నది 0.88, అది ఈ బూస్ట్‌కి ప్రమాదం. ఇంకొకటి, ఇథనాల్ నీళ్లని పీల్చుకుంటుంది. ట్యాంకులో నీళ్లు చేరితే ఇథనాల్ వాటితో కలిసి అడుక్కి దిగిపోతుంది, పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్ తగ్గుతుంది. వరదలప్పుడు నీళ్లు చేరిన బంకులో కొట్టించకు. నెలల తరబడి బండి నిలబెడితే ఆ పెట్రోలుతో ఫుల్ బూస్ట్ వెళ్లకు.

జర్కు గురించి విడిగా చెప్పాలి. మిస్‌ఫైర్ (స్పార్క్ తప్పడం) అయినా వైడ్‌బ్యాండ్ లీన్, అంటే పెట్రోలు తక్కువ, అనే చూపిస్తుంది, ఎందుకంటే కాలని గాలి కూడా సైలెన్సర్లోకే వెళ్తుంది. నీ 12.9 ప్రెషర్ లెక్కతో కుదిరింది కాబట్టి అది నిజమైన లీనే. కానీ 5800 దగ్గరి జర్కు స్పార్క్ ఆరిపోవడం కూడా కావచ్చు. బూస్ట్ పెరిగేకొద్దీ ప్లగ్గు సందులో నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది. ఒక హీట్ రేంజ్ చల్లటి ప్లగ్గులు (వేడిని ఇంకా త్వరగా బయటికి పంపే రకం) వేసి, సందు 0.6 మిల్లీమీటర్లకి పెట్టు. తక్కువ ఖర్చు, వెంటనే తేలిపోతుంది.

ఇక వేస్ట్‌గేట్ బిగించడం. బూస్ట్ ఎక్కడిదో తెలియకుండా బిగించకూడదు. సోలినాయిడ్ (ఈసీయూ చెప్పినట్టు బూస్ట్ పెంచే కరెంటు వాల్వు) వైరు పీకేసి, ఒట్టి వేస్ట్‌గేట్ స్ప్రింగు మీద ఎంత వస్తుందో ముందు చూడు. 0.7 స్ప్రింగు అయితే 0.7 దగ్గర నిలబడాలి. 3500కి 0.7 వచ్చి, 6000కి వెళ్లేసరికి తనంతట తానే 0.9కి పాకితే వేస్ట్‌గేట్ కన్నం చాలడం లేదని అర్థం. వెడల్పు డౌన్‌పైపు వేసినవాళ్లకి ఇది మామూలే. అప్పుడు సోలినాయిడ్‌తో ఏం చేసినా లాభం లేదు, కన్నం పెద్దది చేయించాలి. తర్వాత గొట్టాలన్నీ 1 బార్ గాలితో నింపి సబ్బు నీళ్లు పూయి. పంక్చర్ షాపులో ట్యూబుకి చూసినట్టే, బుడగలు వచ్చిన చోట క్లాంపు వదులు. లీకు ఉన్నా బూస్ట్ అంకె సరిగానే కనిపిస్తుంది, ఆ లీకుని పూడ్చడానికి టర్బో పరుగెత్తడం మాత్రం నీకు కనిపించదు. మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ (దీన్నీ మ్యాప్ సెన్సర్ అనే అంటారు) ఎంతవరకు చదవగలదో కూడా చూసుకో. అది బయటి గాలి 1 బార్‌ని కూడా కలిపి కొలుస్తుంది కాబట్టి, 2.5 బార్ సెన్సర్ అయితే 1.5 బూస్ట్ దగ్గర దాని చూపు ఆగిపోతుంది. ఒక్కసారి స్పైక్ వచ్చి అది దాటితే ఈసీయూకి ఆ గాలి ఉన్నట్టే తెలియదు, దానికి పెట్రోలూ పోయదు.

3000 లోపల 1.3 అడగొద్దు. తక్కువ వేగంలో పిస్టన్ పైనే ఎక్కువసేపు ఉంటుంది, ఒత్తిడంతా కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది. 3000 వరకు 0.9, 4000కి 1.2, పైన 6000 దగ్గర మళ్లీ 1.1కి దిగేలా గీస్తాను నేను. ఈ సైజు ఇంజిన్‌కి, లోపల కంపెనీ పిస్టన్లే ఉన్నప్పుడు, 1.3 కూడా నాకు ఇష్టం లేదు. నువ్వు ఎలాగూ వెళ్తానంటున్నావు కాబట్టి దారి చెబుతున్నాను.

ఈ పరుగులన్నీ ఎక్కడ తీస్తావన్నది నన్ను చాలా కంగారు పెడుతోంది. నీ లాగ్‌లో స్పీడు చూశాను. కాలవ గట్టు రోడ్డు మీద, ఒకవైపు కొబ్బరి చెట్లు, ఒకవైపు నీళ్లు, ఎదురుగా ఏ పిల్లాడు సైకిల్ మీద వస్తాడో తెలియదు. 216 హైవే అయినా అంతే. మన దగ్గర లోడ్ నిలకడగా పెట్టి చూసుకోవడానికి ఒక ఎత్తు రోడ్డు కూడా లేదు, అంతా చదునే. హైదరాబాద్ వెళ్లి ఒక రోజు డైనో (బండిని రోలర్ల మీద నిలబెట్టి పరుగు తీయించే యంత్రం) అద్దెకి తీసుకో. పంపు సరిచేసి, ఇంటర్‌కూలర్ కడిగి, ప్లగ్గులు మార్చి వెళ్లు. స్ప్రింగు బూస్ట్ దగ్గర మొదలుపెట్టి 0.1 చొప్పున పెంచు. ఒక్కో మెట్టు దగ్గర ముందు పెట్రోలు ప్రెషర్, ల్యాంబ్డా, నాక్, గాలి వేడి, ఈ నాలుగూ చూశాకే పై మెట్టు. చల్లగా ఉన్న మొదటి పరుగుని నమ్మకు, మూడోదాన్ని నమ్ము. ఈ మార్పులు ఆర్‌సీలో లేవు కాబట్టి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డు వస్తుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కీ చిక్కు వస్తుంది. ఇది నువ్వు ఇంట్లో వాళ్లకి కూడా చెప్పి చేయాల్సిన పని.

రిలే వేశాక పంపు దగ్గర వోల్టేజీ ఎంత వచ్చిందో, 0.8 బూస్ట్‌లో 5800 దగ్గర రెయిల్ ప్రెషర్ ఎంత ఉందో ఆ రెండు అంకెలు పంపు. రెండోది 3.8 ఉండాలి. అది వచ్చాక నీ టైమింగ్ టేబుల్ ఫోటో తీసి పెట్టు, ఇద్దరం కలిసి చూద్దాం.